గోడౌన్‌కి ఏ ఫోర్క్‌లిఫ్ట్ తీసుకోవాలి? వాడినవాళ్లు చెప్పండి

స్టోర్స్_ఇన్‌ఛార్జి: కొత్త గోడౌన్ సర్దుతున్నాం. పై ర్యాకు 7 మీటర్ల ఎత్తు. ప్యాలెట్ 1,400 కిలోలు దాటదు, లోతు 1.2 మీటర్లు. సగం పని లోపల, సగం యార్డులో లారీల దగ్గర. 2 టన్నుల డీజిల్ బండి ఒక్కటి చాలంటున్నారు. నిజమేనా?

షిఫ్ట్_ఆపరేటర్: లోపల డీజిల్ వద్దండీ. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, మనిషికి తల తిరిగేదాకా తెలియదు. ఎల్‌పీజీ బండి నుంచి కూడా అది వస్తుంది.

ర్యాకింగ్_పని: ర్యాకుల మధ్య సందు ఎంత? కౌంటర్‌బ్యాలెన్స్ బండి, అంటే ముందు లోడుకి వెనక బరువుతో సరితూగే మామూలు ఫోర్క్‌లిఫ్ట్, తిరగాలంటే సుమారు 3.5 నుంచి 4 మీటర్లు కావాలి. ఫోర్కుల్ని ముందుకు చాచి ప్యాలెట్ తీసే బ్యాటరీ బండి, రీచ్ ట్రక్కుకు 3 మీటర్లలోపు చాలు.

స్టోర్స్_ఇన్‌ఛార్జి: 3 మీటర్లే.

సేఫ్టీ_చూసేవాణ్ణి: అయితే లోపలికి రీచ్ ట్రక్కే. ఇంకొకటి, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. 2 టన్నులు అని రాసేది సాధారణంగా బరువు మధ్యభాగం ఫోర్కుల మడమ (అవి పైకి వంగే మూల) నుంచి 500 మి.మీ. దూరంలో ఉన్నప్పటి లెక్క. మీ ప్యాలెట్‌కి ఆ దూరం 600 అవుతుంది. అక్కడే ఎత్తే శక్తి కొంత పోతుంది. మాస్ట్ (ఫోర్కుల్ని ఎత్తే నిలువు స్తంభం) పైకి వెళ్లేకొద్దీ ఇంకా తగ్గుతుంది, ఫోర్కుల్ని పక్కలకి జరిపే సైడ్ షిఫ్టర్ బిగిస్తే మరికొంత. కాబట్టి 7 మీటర్ల ఎత్తులో, 600 మి.మీ. దగ్గర, ఆ అటాచ్‌మెంట్‌తో కలిపి ఎన్ని కిలోలు ఎత్తుతుందో కాగితం మీద రాయించుకోండి. బండి మీది కెపాసిటీ ప్లేటులోనూ అదే అంకె ఉండాలి. నోటిమాట నమ్మొద్దు.

షిఫ్ట్_ఆపరేటర్: సరిగ్గా చెప్పారు. కానీ రీచ్ ట్రక్కుని యార్డులోకి తేవొద్దు. చక్రాలు చిన్నవి, నేల నున్నగా ఉండాలి. బయటికి గాలి టైర్లున్న కౌంటర్‌బ్యాలెన్స్ వేరే పెట్టుకోండి. యార్డు దాటి రాదంటే అది డీజిలైనా ఇబ్బంది లేదు.

ర్యాకింగ్_పని: కంటైనర్లు కూడా దింపుతారా? మామూలు కంటైనర్ తలుపు ఎత్తు 2.28 మీటర్ల దగ్గర ఉంటుంది. దించిన మాస్ట్ అంతకంటే తక్కువుండాలి, ఫ్రీ లిఫ్ట్ కూడా కావాలి, అంటే మాస్ట్ పైకి పెరగకుండానే ఫోర్కులు కొంత లేవాలి. లేకపోతే లోపల ప్యాలెట్ ఎత్తబోతే మాస్ట్ పైకప్పుకి తగులుతుంది.

స్టోర్స్_ఇన్‌ఛార్జి: అప్పుడప్పుడు వస్తాయి, కొలుస్తాను. రీచ్ ట్రక్కు బ్యాటరీ ఏది మంచిది? మాకు రెండు షిఫ్టులు.

బ్యాటరీ_మెకానిక్: లెడ్ యాసిడ్‌కి చార్జింగ్ సుమారు 8 గంటలు, ఆపైన చల్లారే సమయం. రెండు షిఫ్టులకి రెండో బ్యాటరీ తప్పదు. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడే చోటే పెట్టాలి. లిథియం ఖరీదు ఎక్కువే, అయినా టీ విరామంలో కాసేపు చార్జింగ్ పెట్టుకోవచ్చు. మీ పనికి నేనైతే లిథియమే అంటాను.

షిఫ్ట్_ఆపరేటర్: కొనేముందు డెమో బండిని మీ సందులోనే, మీ ప్యాలెట్‌తోనే, మీ డ్రైవర్ చేత నడిపించి చూడండి.