వైర్‌లెస్ కంట్రోలర్‌కి నిజంగా ల్యాగ్ ఉందా? పోటీల్లో కేబుల్ తప్పనిసరి చేయడం న్యాయమేనా?

పొగతోట ఫైటర్ (నెల్లూరు):
సంక్రాంతి సెలవుల్లో మా వైపు ఒక గేమింగ్ సెంటర్‌లో టెక్కెన్ 7 అనే ఫైటింగ్ గేమ్ పోటీ పెడుతున్నారు. పీసీల మీద ఆట, కంట్రోలర్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. నిబంధనల్లో మొదటిది: "వైర్‌లెస్‌కి ల్యాగ్ ఎక్కువ, అందరూ కేబుల్ పెట్టే ఆడాలి." ల్యాగ్ అంటే బటన్ నొక్కాక ఆటలో కదలిక రావడానికి పట్టే ఆలస్యం. నేను మూడేళ్లుగా ప్లేస్టేషన్ 4 (పీఎస్4) కంట్రోలర్ డ్యూయల్‌షాక్ 4ని బ్లూటూత్‌లోనే ఆడుతున్నా. పీసీలో ఆ కంట్రోలర్ కేబుల్ మీద సెకనుకు 250 సార్లు సమాచారం పంపుతుంది, అంటే 4 మిల్లీసెకన్లకు ఒకసారి. బ్లూటూత్‌లో ఆ విరామాన్ని, ఈ కంట్రోలర్‌ని పీసీలో వాడుకునే డీఎస్4విండోస్ ప్రోగ్రామ్ సెట్టింగ్‌లో 1 మిల్లీసెకను దాకా తగ్గించుకోవచ్చు. మరి ల్యాగ్ ఎవరికి ఎక్కువ? ఈ నిబంధన తీసేయమని అడగాలనుకుంటున్నా. మీరేమంటారు?

లాయర్‌పేట స్ట్రైకర్ (ఒంగోలు):
లెక్కలు ఏమైనా కానీ అన్నా, నా చేతికి తెలుస్తోంది. ఫుట్‌బాల్ గేమ్‌లో పాస్ నొక్కితే ఆటగాడు ఒక అడుగు వేశాక గానీ బంతి కదిలేది కాదు. కేబుల్ పెట్టాక బాగుంది. కేబులే కరెక్ట్.

కావలి రిపేర్ షాపు:
ఇద్దరి మాటల్లోనూ సగం నిజం ఉంది. నేను మొబైల్ రిపేర్ చేస్తాను, కంట్రోలర్లు కూడా రోజూ చేతికి వస్తాయి. ఆ నిబంధన మంచిదే, సెంటర్ వాళ్లు చెప్పిన కారణమే తప్పు. కారణం తప్పుగా ఉంటే పోటీ రోజు కాపాడాల్సింది కాపాడరు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

టెక్కెన్ సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెర మీద 60 బొమ్మలు. ఒక్కో ఫ్రేము 16.67 మిల్లీసెకన్లు. మీ నొక్కు 3 మిల్లీసెకన్లు ఆలస్యమైతే చాలాసార్లు అదే ఫ్రేములో పడుతుంది, తేడా కనపడదు. ఫ్రేము చివర్లో నొక్కినప్పుడు మాత్రం తర్వాతి ఫ్రేములోకి జారుతుంది. లెక్క వేస్తే ఇంచుమించు ఆరు నొక్కుల్లో ఒకటి. ఆ ఒక్కటే కొంపలు ముంచదు. ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే చేయి దానికి అలవాటు పడిపోతుంది.

పినాకిని ఎక్స్‌ప్రెస్ రోజూ పది నిమిషాలు లేటుగా వస్తే మనమూ పది నిమిషాలు ఆలస్యంగా స్టేషన్‌కి పోతాం. ఒకరోజు టైముకి, ఒకరోజు ఇరవై నిమిషాలు లేటుగా వస్తేనే కదా బండి తప్పేది. కంట్రోలర్‌కైనా అంతే. ఆలస్యం ఎంత అన్నదాని కంటే అది ఎంత నిలకడగా ఉందన్నది ముఖ్యం.

ఆ నిలకడ బ్లూటూత్‌లో ఎక్కడ పోతుందంటే, అది 625 మైక్రోసెకన్ల ముక్కలుగా పనిచేస్తుంది. ఒక ముక్కలో ఒకరు పంపితే తర్వాతి ముక్కలో రెండోవాళ్లు బదులివ్వాలి. రెండూ కలిపితే 1.25 మిల్లీసెకన్లు. ఇంట్లో ఒక్కరే ఆడుతుంటే దీనికి అడ్డేమీ ఉండదు, పొగతోట తమ్ముడు చెప్పింది అక్కడ అక్షరాలా నిజం. కానీ బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్‌లో. వైఫై, హాట్‌స్పాట్, వైర్‌లెస్ మౌస్, ఇయర్‌బడ్స్ అన్నీ అక్కడే. బ్లూటూత్ 79 చానళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతూ, వైఫై ఉన్న చోట్లను తప్పించుకుంటుంది. ఒక హాల్లో పది పదిహేను కంట్రోలర్లు, యాభై ఫోన్లు చేరితే తప్పించుకోవడానికి చోటే మిగలదు. పంపింది పోతే మళ్లీ పంపాలి, అదీ పోతే ఇంకోసారి. అప్పటిదాకా 1.25లో చేరిన నొక్కు ఉన్నట్టుండి పది, పదిహేను మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఒక్కోసారి కనెక్షనే తెగిపోతుంది.

మా పిన్ని కొడుకుకి జరిగింది ఇదే. ఒంగోలులో ఒక హాల్లో పోటీ, పేరు చెప్పను. మూడో రౌండ్ మధ్యలో వాడి కంట్రోలర్ కనెక్షన్ పోయింది, ఆట ఆగిపోయింది. చాలా పోటీల్లో ఆట ఎవరి వల్ల ఆగితే వాళ్లకు ఆ రౌండ్ పోయినట్టే. అక్కడా అదే చేశారు. తప్పు వాడిది కాదు, ఆ హాలుది. వాడు ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. కేబుల్ పెట్టమని ముందే చెప్పి ఉంటే ఆ రౌండ్ పోయేది కాదు.

లాయర్‌పేట తమ్ముడూ, నీ పాస్ లేటయ్యేది కంటికే తెలిసిందంటే అది కంట్రోలర్ మిల్లీసెకన్లు కాదు. కేబుల్ పెట్టిన రోజే టీవీలో ఇంకేదైనా మార్చావా?

లాయర్‌పేట స్ట్రైకర్ (ఒంగోలు):
మార్చాను అన్నా. మా బావ వచ్చి గేమ్ మోడ్ పెట్టాడు. రెండూ ఒకే సాయంత్రం.

కావలి రిపేర్ షాపు:
అదే మరి. బొమ్మ నున్నగా కదలడానికి టీవీ రెండు ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేము తయారు చేస్తుంది. దానికి తర్వాతి ఫ్రేము వచ్చేదాకా ఆగాలి కదా, ఆలస్యం అక్కడే మొదలవుతుంది. గేమ్ మోడ్ ఇలాంటివన్నీ ఆపేస్తుంది. ఇంట్లో ఆడేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే, కేబుల్ తర్వాత.

తేడా మీరే చూసుకోవచ్చు. వేలూ టీవీ రెండూ కనపడేలా ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్ తీసి, నొక్కినప్పటి నుంచి బొమ్మ కదిలేదాకా ఫ్రేములు లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము సుమారు 4.17 మిల్లీసెకన్లు. నేను షాపులో చేసి చూశాను. కేబుల్‌కీ బ్లూటూత్‌కీ తేడా నా లెక్కకు అందలేదు. గేమ్ మోడ్ తీసేస్తే లెక్కే అక్కర్లేదు, కంటికి తెలిసిపోయింది.

పొగతోట ఫైటర్ (నెల్లూరు):
సరే అన్నా, హాలు సంగతి ఒప్పుకుంటున్నా. కానీ టెక్కెన్‌లో ఎలక్ట్రిక్ అనే దెబ్బ సంగతేంటి? కజుయా అనే ఫైటర్‌తో అది కొట్టాలంటే చివర్లో కిందికి-ముందుకి, ట్రయాంగిల్ బటన్ ఒకే ఫ్రేములో పడాలి. బ్లూటూత్‌లో నాకు అది పదికి ఎనిమిదిసార్లు వస్తోంది.

కావలి రిపేర్ షాపు:
వస్తుంది, రావాలి కూడా. రెండు నొక్కులూ కలిసి ఒకే ప్యాకెట్‌లో పోతే ఆలస్యమైనా రెండూ కలిసే ఆలస్యమవుతాయి. విడివిడిగా పోయి ఒకటి దారిలో ఆగితేనే చిక్కు. ఇంట్లో అది అరుదు.

ఆ సెంటర్ వాళ్లను అసలు అడగాల్సింది ఇంకొకటి ఉంది. వాళ్లు ఇచ్చే కేబుళ్లు ఎలాంటివి? నా దగ్గరికి వచ్చే మైక్రో యూఎస్‌బీ కేబుళ్లలో చాలావాటిని కోస్తే లోపల ఎరుపు, నలుపు తీగలే ఉంటాయి. డేటా పోయే ఆకుపచ్చ, తెలుపు ఉండవు. అలాంటిది పెడితే చార్జింగ్ ఎక్కుతుంది, కంట్రోలర్ మాత్రం బ్లూటూత్‌లోనే నడుస్తుంది. చూసేవాళ్లంతా కేబుల్ మీద ఆడుతున్నారనుకుంటారు.

పీఎస్4 మీద పోటీ అయితే ఇంకా జాగ్రత్త. మొదట వచ్చిన డ్యూయల్‌షాక్ 4 ఆ కన్సోల్‌లో మంచి కేబుల్ పెట్టినా బ్లూటూత్‌లోనే మాట్లాడుతుంది. 2016లో వచ్చిన రెండో మోడల్‌కే కేబుల్ మీద పంపే వీలుంది. దానికీ కంట్రోలర్ సెట్టింగ్స్‌లో కమ్యూనికేషన్ మెథడ్ దగ్గర యూఎస్‌బీ కేబుల్ ఎంచుకోవాలి. పీఎస్5లోనూ ఆ సెట్టింగ్ ఉంది.

పొగతోట ఫైటర్ (నెల్లూరు):
మా దగ్గర పీసీలే కదా. అక్కడ ఎలా తెలుసుకోవాలి?

కావలి రిపేర్ షాపు:
పీసీలో బ్లూటూత్ ఆపేసి కేబుల్ పెట్టు. బటన్లు పనిచేస్తే అది డేటా కేబులే. నిబంధన తీసేయమని మాత్రం అడగొద్దు. పోటీకి ముందు ప్రతి పీసీలో ఇలా చూపించమని అడుగు. కేబుల్ ఊడి ఆట ఆగితే ఆ రౌండ్ మళ్లీ ఆడించాలని కూడా ముందే రాయించు. నీ కేబుల్ నువ్వే తీసుకెళ్లు, కాస్త పొడుగ్గా ఉన్నది. మంచిది దొరక్కపోతే ఇక్కడే చెప్పు, నేను పరీక్షించింది ఒకటి ఆర్టీసీ బస్సులో పంపిస్తా.