పోర్టబుల్ డిస్కు పెడితే లాగ్ నిండా హెచ్చరికలు: ఏం చేయాలి?

నెల్లూరు మూలాపేట, ఇప్పుడు శాన్ హోసే:
అన్నలకు, అక్కలకు నమస్కారం. ఈ మధ్యే ఇక్కడికి వచ్చాను. ఇంటి నుంచి తెచ్చిన డిస్కులో అక్క పెళ్లి ఫోటోలు, రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు దగ్గర తీసిన వీడియోలు ఉన్నాయి. లాప్‌టాప్‌కు పెట్టిన ప్రతిసారీ విండోస్ లాగ్ చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో 153 నంబరు హెచ్చరిక వరసగా పడుతోంది, మధ్యలో 157 కూడా. ఫైళ్లు తెరుచుకుంటున్నాయి. పట్టించుకోవాలా?

ఒంగోలు, ఇప్పుడు ఆస్టిన్:
తమ్ముడూ, తెరుచుకుంటున్నప్పుడే అన్నీ ఇంకో డిస్కులోకి ఎక్కించు. 153 అంటే చదవడమో రాయడమో కుదరక విండోస్ మళ్లీ ప్రయత్నించిందని. 157 అంటే డిస్కు చెప్పాపెట్టకుండా ఊడిపోయిందని. రెండూ కలిసి వస్తే ముందు కేబుల్‌ను, తర్వాత కరెంటును అనుమానించు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు, 3.0 అయితే 900. అడాప్టర్ లేని హబ్ అయితే మౌసు, కీబోర్డు, డిస్కు ఆ కాస్తనే పంచుకోవాలి. హబ్ తీసి నేరుగా పెట్టు. పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (కరెంటు ఆదాకు వాడని పోర్టును నిద్రపుచ్చే సెట్టింగు) ఆపు.

కావలి, ఇప్పుడు ఫ్రీమాంట్:
కాపీ సంగతి నేను ఇంకా గట్టిగా చెబుతాను. ఇల్లు ఖాళీ చేసినప్పుడు కార్పెట్ మీద మరకలున్నాయని ఇంటి యజమాని అడ్వాన్సులో పెద్ద కోత పెట్టాడు. అవి మేం చేరిన రోజే ఉన్నాయి, గది గదికీ ఫోటోలు తీశాం. ఆ ఫోటోలున్న డిస్కు సరిగ్గా అప్పుడే మొరాయించింది. కాపీ సగానికి రాగానే టిక్కుమని శబ్దం, ఫోల్డర్ మాయం, లాగ్‌లో మళ్లీ 153. దుకాణంలో చూపిస్తే లోపల డేటా చదివే హెడ్ పోయిందన్నారు, కొత్త లాప్‌టాప్ వచ్చేంత డబ్బు అడిగారు. మా ఆవిడ ఆఫీసు నుంచి పొట్టి కేబుల్ తెచ్చి పెడితే ఒక్క హెచ్చరిక లేకుండా ఫోటోలన్నీ వచ్చేశాయి! అవి పంపినా ఆయన కదల్లేదు. చిన్న మొత్తాల తగాదాలు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళతామని రాశాకే డబ్బు ఇచ్చాడు. కాలిఫోర్నియాలో ఖాళీ చేసిన 21 రోజుల్లో యజమాని అడ్వాన్సు లెక్క చెప్పాలి, గుర్తుంచుకో.

ఒంగోలు, ఇప్పుడు ఆస్టిన్:
మా టెక్సాస్‌లో 30 రోజులు. అదీ కొత్త చిరునామా రాసి ఇస్తేనే.

సింగరాయకొండ, ఇప్పుడు డాలస్:
అద్దె సంగతి తర్వాత. అందరూ కేబుల్ అంటున్నారు, నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. తమ్ముడూ, డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాంలో 05 (పాడై మార్చేసిన చోట్లు), సీ5 (చదవలేక అనుమానంలో ఉన్న చోట్లు) వరసల ముడి విలువలు (రా వాల్యూస్) చూడు. అవి సున్నా దాటి పెరుగుతుంటే డిస్కే అరిగిపోతోంది. సీ7 (డేటా దారిలో వచ్చిన తప్పుల లెక్క) పెరిగితే కేబుల్.

ఒంగోలు, ఇప్పుడు ఆస్టిన్:
సీ7 గురించి మీరు చెప్పింది సరికాదండీ. అది లెక్కపెట్టేది పెట్టె లోపల డిస్కును కలిపే సాటా లింకు తప్పులను. బయటి యూఎస్‌బీ కేబుల్ పాడైతే ఆ అంకె కదలదు. అందుకే సీ7 సున్నా ఉందని కేబుల్‌ను వదిలేయకూడదు.

సింగరాయకొండ, ఇప్పుడు డాలస్:
సరే, సీ7 మాట వెనక్కి తీసుకుంటాను. 05, సీ5 మాట మాత్రం అలాగే ఉంచండి. ఇంకొకటి, కాపీ పూర్తి కాకుండా డిస్కు తప్పులు వెతికే చెక్‌డిస్క్‌ను స్లాష్ ఆర్‌తో (chkdsk /r) నడపవద్దు. అది డిస్కు మొత్తాన్ని చదివిస్తుంది, కొన ఊపిరితో ఉన్న డిస్కు ఆ శ్రమకే ఆగిపోవచ్చు.

కావలి, ఇప్పుడు ఫ్రీమాంట్:
తీసేటప్పుడు ఎజెక్ట్ నొక్కడం కూడా అలవాటు చేసుకో. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి క్విక్ రిమూవల్ (ఎజెక్ట్ నొక్కకుండానే తీయనిచ్చే పద్ధతి) మామూలు సెట్టింగే, కానీ రాస్తూ ఉండగా లాగితే ఆ ఫైలును అది కాపాడదు.