అమ్మానాన్నతో లీడ్స్, లండన్, బర్మింగ్‌హామ్: ట్రైన్ టికెట్లు తక్కువలో ఎలా?

గోదావరి_లీడ్స్

అందరికీ నమస్కారం. మే నెలలో మా అమ్మానాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు, లీడ్స్‌లో మా ఇంట్లోనే ఉంటారు. నాన్నకి 67, అమ్మకి 61. మే ఆఖరి వారం మా పాపకి (ఆరేళ్లు) హాఫ్ టర్మ్ సెలవులు కాబట్టి అప్పుడు ముందు లండన్ వెళ్లి రెండు మూడు రోజులుండి, అక్కడి నుంచి బర్మింగ్‌హామ్ వెళ్లి టివిడేల్ బాలాజీ గుడిలో దర్శనం చేయించి, అటునుంచి అటే ఇంటికొచ్చేయాలని ప్లాన్. మావారికి సెలవు దొరకదు. అంటే నేను, పాప, వాళ్లిద్దరు, మొత్తం నలుగురం. కారుంది కానీ లండన్‌లో నడిపే ధైర్యం నాకు లేదు, పార్కింగ్ ఖర్చు సరేసరి.

ఎంతవుతుందో చూద్దామని రేపటి తేదీ పెట్టి పొద్దున్న ట్రైన్‌కి నలుగురికీ రేటు చూస్తే కళ్లు తిరిగాయి. నాన్నకి ఫోన్లో చెబితే "అమ్మా, ఆ డబ్బుతో ఇక్కడ విమానంలో తిరిగి రావచ్చు, మాకేం లండన్ చూపించక్కర్లేదు" అన్నారు. చూపించాలనే ఉంది నాకు. ఇక్కడ టికెట్ల మీద తగ్గింపు ఇచ్చే రైల్‌కార్డులు చాలా రకాలున్నాయి, ఏది మాకు సరిపోతుందో అర్థం కావట్లేదు. సీనియర్ కార్డు వాళ్లిద్దరికీ తీసుకోవాలా? ఇంకా ఫిబ్రవరే కదా, ఇప్పుడే కొనేయాలా, ఆగాలా? బ్రిట్‌రైల్ పాస్ అని కూడా ఎవరో అన్నారు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.


డెర్బీ_పద్మ

నమస్తే అండీ. ముందు ఒక మాట, రేపటి రేటు చూసి భయపడకండి. ఇక్కడ ఛార్జీ మన ఊళ్లోలా కిలోమీటర్ల లెక్కన ఉండదు, అదే ట్రైన్‌కి అదే సీటుకి ఎప్పుడు కొన్నారన్నదాన్ని బట్టి రెండింతలు మూడింతలు తేడా వస్తుంది.

మీకు కావాల్సింది సీనియర్ కార్డు కాదు, ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డు. ఏడాదికి 35 పౌండ్లు, ఒక్క కార్డు మీద నలుగురు పెద్దవాళ్లు, నలుగురు పిల్లల దాకా వెళ్లొచ్చు. పెద్దవాళ్ల టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది, 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకి 60 శాతం తగ్గుతుంది. ముఖ్యమైన షరతులు రెండు: కార్డు మీద పేరున్నవాళ్లు ఒకరు, పిల్లలు కనీసం ఒకరు ప్రయాణంలో ఉండాలి. మీ పాప ఎలాగూ వస్తోంది, కార్డు మీ పేరున తీసుకోండి, రెండో పేరుగా మీవారిది పెట్టుకోండి, తర్వాత ఆయన పాపతో ఎక్కడికెళ్లినా పనికొస్తుంది.

మాటవరసకి ఒక టికెట్ 30 పౌండ్లు అనుకుందాం. కార్డు లేకపోతే ముగ్గురు పెద్దవాళ్లకి 90, పాపకి సగం అంటే 15, మొత్తం 105. కార్డు ఉంటే పెద్దవాళ్లకి ఇరవై చొప్పున 60, పాపకి 12, మొత్తం 72. ఒక్కవైపు ప్రయాణంలోనే కార్డు డబ్బులు దాదాపు వచ్చేసినట్టే. మీకు మూడు ప్రయాణాలున్నాయి.

సీనియర్ కార్డు కూడా 35 పౌండ్లే, కానీ అది మనిషికొకటి. ఇద్దరికీ 70 పెడితే మీకూ పాపకీ ఏమీ తగ్గదు. అమ్మానాన్న మీరు లేకుండా ఇద్దరే తిరుగుతామంటే అప్పుడు టూ టుగెదర్ కార్డు చూడండి, ఇద్దరికీ కలిపి ఒకటే, మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిదిన్నర దాటాకే పనిచేస్తుంది.

ఇక అడ్వాన్స్ టికెట్లు (ఫలానా ట్రైన్‌కే చెల్లే తక్కువ రేటు టికెట్లు) సాధారణంగా 12 వారాల ముందు వదులుతారు. కొన్ని కంపెనీలు ఇంకా ముందే ఇస్తాయి. మే చివరికి అంటే మార్చి మొదట్లో చూడటం మొదలుపెట్టండి. తేదీ ఇచ్చి పెడితే టికెట్లు తెరవగానే మెయిల్ పంపే సదుపాయం కొన్ని సైట్లలో ఉంది, అది పెట్టుకోండి. కొనేటప్పుడు రైలు కంపెనీ సొంత సైట్‌లోనే కొనండి. ఏ కంపెనీ సైట్‌లోనైనా మిగతా అన్ని కంపెనీల టికెట్లూ దొరుకుతాయి, బుకింగ్ ఫీజు ఉండదు. ట్రెయిన్‌లైన్ లాంటి యాప్‌లు వెతకడానికి చాలా బాగుంటాయి కానీ ఫీజు తీసుకుంటాయి.


ఓరుగల్లు_బ్రో

పద్మగారు చెప్పింది వంద శాతం కరెక్ట్. బ్రిట్‌రైల్ గురించి: అది కొన్ని రోజులపాటు ట్రైన్లలో తిరగడానికి ఇచ్చే పాస్, యూకేలో నివాసం లేనివాళ్లకే ఇస్తారు, కాబట్టి అంకుల్, ఆంటీకి వస్తుంది, మీకు రాదక్కా. రోజూ ట్రైన్ ఎక్కి తిరిగేవాళ్లకి లాభం, మీ మూడు ప్రయాణాలకి అనవసరం.

నేను చెప్పేది స్ప్లిట్ టికెట్ గురించి. బర్మింగ్‌హామ్ నుంచి లీడ్స్ వచ్చే క్రాస్‌కంట్రీ కంపెనీ ట్రైన్ డెర్బీ, షెఫీల్డ్ మీదుగా వస్తుంది. నేరుగా ఒక టికెట్ కొనే బదులు బర్మింగ్‌హామ్ నుంచి డెర్బీకి ఒకటి, డెర్బీ నుంచి లీడ్స్‌కి ఒకటి కొంటే చాలాసార్లు తక్కువ పడుతుంది. ట్రైన్ దిగక్కర్లేదు, అదే ట్రైన్‌లో కూర్చుని వస్తారు. ఇది దొంగతనమేం కాదు, రైల్వే రూల్స్‌లోనే ఒప్పుకుంటారు. ఒకటే షరతు, టికెట్ విడగొట్టిన స్టేషన్‌లో ఆ ట్రైన్ ఆగాలి.

అలాగని మరీ నాలుగైదు ముక్కలు చేయకండి. ఒక్కో ముక్కకి ఒక్కో సీటు ఇచ్చే అవకాశం ఉంది, డెర్బీ రాగానే లేచి పక్క బోగీకి వెళ్లాలంటే మనలాంటి కుర్రాళ్లకి పర్లేదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని లేపడం బాగోదు. ఒక్కచోట విడగొట్టండి, రెండు ముక్కలకీ సీటు నంబర్ ఒకటే వచ్చిందేమో చూసి డబ్బులు కట్టండి.

లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కి మాత్రం మూడు కంపెనీల ట్రైన్లున్నాయి. యూస్టన్ స్టేషన్ నుంచి అవంతి గంటా ఇరవై నిమిషాల్లో తీసుకెళ్తుంది, రేటు ఎక్కువ. అదే యూస్టన్ నుంచి లండన్ నార్త్‌వెస్టర్న్ రెండు గంటల పైన పడుతుంది, తక్కువ. మేరిల్‌బోన్ నుంచి చిల్టర్న్ రెండు గంటల లోపు, అది బర్మింగ్‌హామ్ మూర్ స్ట్రీట్ స్టేషన్‌లో దింపుతుంది, అక్కడి నుంచి ఊళ్లోని పెద్ద స్టేషన్ న్యూ స్ట్రీట్‌కి నడిచి వెళ్లొచ్చు. అక్కా, మీకు సెలవే కదా, ఆ నలభై నిమిషాలు ఆదా చేసి ఏం చేస్తారు? స్లో ట్రైన్ ఎక్కండి. కానీ టికెట్ మీద ఏ కంపెనీ పేరుందో ఆ ట్రైనే ఎక్కాలి, యూస్టన్‌లో తొందరలో ఎదురుగా కనిపించిన అవంతి ఎక్కేస్తే ఆ టికెట్ చెల్లదు, మళ్లీ కొనాల్సిందే.


కోచ్_ప్రయాణికుడు

అందరూ ట్రైన్ అంటున్నారు కానీ నేషనల్ ఎక్స్‌ప్రెస్, ఫ్లిక్స్‌బస్ బస్సులు చూశారా? లండన్ విక్టోరియా నుంచి బర్మింగ్‌హామ్‌కి బస్సు దాదాపు మూడు గంటల్లో వెళ్తుంది, చాలాసార్లు ట్రైన్ కంటే బాగా తక్కువ. నేను స్టూడెంట్‌గా ఉన్నన్నాళ్లూ అలాగే తిరిగాను.


డెర్బీ_పద్మ

బస్సు తప్పని నేననను, ఒక్కరే వెళ్లేటప్పుడు నేనూ ఎక్కుతాను. కానీ అరవై దాటినవాళ్లకి, ఆరేళ్ల పాపకి, మోటార్‌వే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే కదలకుండా కూర్చోవడం కష్టమండీ. ట్రైన్‌లో లేచి నాలుగడుగులు వేయొచ్చు. లీడ్స్ నుంచి లండన్‌కి ట్రైన్ రెండుంపావు గంటలు, బస్సు దానికి దాదాపు రెండింతలు. పెద్దవాళ్ల సౌకర్యం దగ్గర ఆ పది ఇరవై పౌండ్లు చూడొద్దని నా అభిప్రాయం.

ఇంకో ముఖ్యమైన సంగతి, పాసింజర్ అసిస్ట్ అని ఉచిత సర్వీసు ఉంది. వయసు వల్లో ఆరోగ్యం వల్లో సాయం కావాల్సినవాళ్ల కోసమే పెట్టారు. ప్రయాణానికి రెండు గంటల ముందు దాకా బుక్ చేసుకోవచ్చు, కానీ ఒక రోజు ముందే చేస్తే నిశ్చింత. ఇక్కడ కూలీలు ఉండరు, లండన్ యూస్టన్ లాంటి పెద్ద స్టేషన్లలో ప్లాట్‌ఫామ్ నంబర్ చాలాసార్లు చివరి నిమిషాల్లోనే బోర్డు మీద వేస్తారు, వేయగానే జనమంతా ఒక్కసారిగా పరిగెత్తుతారు. తలుపులు టైముకి రెండు నిమిషాల ముందే మూసేయొచ్చు. సాయం బుక్ చేసుకుంటే స్టేషన్ వాళ్లే తీసుకెళ్లి ఎక్కిస్తారు. మా అత్తగారిని అలా తీసుకొచ్చాను, ఆవిడ ఇప్పటికీ ఆ అబ్బాయిని తలుచుకుని దీవిస్తారు.


గోదావరి_లీడ్స్

ఎంత ఓపిగ్గా చెప్పారండీ, పద్మగారూ, తమ్ముడూ, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. కార్డు తీసేసుకున్నాను. రెండు డౌట్లు మిగిలాయి. అడ్వాన్స్ టికెట్ కొన్నాక పాపకి జ్వరమో ఏదో వస్తే? రెండోది, గుడిలో ఎంతసేపు పడుతుందో తెలీదు, అలాంటప్పుడు బర్మింగ్‌హామ్ నుంచి వచ్చే ట్రైన్ టైము ముందే ఎలా పెట్టుకోను?


ఓరుగల్లు_బ్రో

అడ్వాన్స్ టికెట్ డబ్బులు మామూలుగా వాపసు ఇవ్వరు అక్కా, ట్రైన్ రద్దవడమో ఆలస్యమవడమో జరిగి మీరు ప్రయాణం మానుకుంటే తప్ప. కాకపోతే ట్రైన్ బయలుదేరేలోపు వేరే తేదీకో టైముకో మార్చుకోవచ్చు, కొన్నిచోట్ల ఫీజు, దానికి తోడు రేటులో తేడా కట్టాలి. అందుకే మొత్తం ఒకేలా కొనకండి. లీడ్స్ నుంచి లండన్ టికెట్ అడ్వాన్స్‌లో కొనేయండి, ఎక్కువ ఆదా అయ్యేది అక్కడే. లండన్, బర్మింగ్‌హామ్ మధ్య స్లో ట్రైన్‌కి ఆఫ్ పీక్ టికెట్ చాలు, దానికి ఫలానా ట్రైన్ అని ఉండదు, రద్దీ లేని టైములో ఏదైనా ఎక్కొచ్చు, ముందు కొన్నా అదే రేటు, ఆ రోజు కొన్నా అదే రేటు. మన ఐఆర్‌సీటీసీలోలా వెయిటింగ్ లిస్టు టెన్షన్ ఉండదు, సీటు లేకపోయినా ఎక్కనిస్తారు. కాకపోతే అప్పుడు నిలబడాలి, అందుకని శుక్రవారం సాయంత్రం, ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోకండి.

గుడి సంగతి: న్యూ స్ట్రీట్ నుంచి శాండ్‌వెల్ అండ్ డడ్లీ స్టేషన్‌కి లోకల్ ట్రైన్ పది నిమిషాలు, అక్కడి నుంచి టాక్సీలో దగ్గరే. అంకుల్, ఆంటీకి ఆ గుడి తప్పకుండా నచ్చుతుంది, పచ్చటి చోట మన తిరుమల స్వామి దర్శనం అంటే మాటలా. వీలైతే రాత్రికి బర్మింగ్‌హామ్‌లో ఉండి, పొద్దున్నే దర్శనం చేసుకుని మధ్యాహ్నం మూడు దాటాక ట్రైన్ పెట్టుకోండి. క్రాస్‌కంట్రీ వాళ్లు అదే రోజు కూడా అడ్వాన్స్ టికెట్లు అమ్ముతారు, ప్రసాదం తీసుకుని బయటికొచ్చాక ఫోన్లో చూసి కొన్నా సరే. రేటు కొంచెం పెరగొచ్చు, సీటు పక్కపక్కన రాకపోవచ్చు. కానీ దర్శనం మధ్యలో గడియారం చూసుకోవడం కంటే అది నయం.


డెర్బీ_పద్మ

తమ్ముడు చెప్పినట్టే చేయండి. లండన్ ట్రైన్‌కి నలుగురికీ ఒకే బుకింగ్‌లో కొని, సీట్ల మ్యాప్‌లో టేబుల్ ఉన్న నాలుగు సీట్లు ఎంచుకోండి, ఎదురెదురుగా కూర్చుని పులిహోర తినొచ్చు. లీడ్స్, లండన్ మధ్య నడిచే ఎల్‌ఎన్‌ఈఆర్ కంపెనీ అజూమా ట్రైన్‌లో సీటు పైన లైటు ఉంటుంది, ఎరుపంటే రిజర్వైంది, ఆకుపచ్చంటే ఖాళీ. మీ సీట్లో ఎవరైనా కూర్చుంటే మొహమాటపడకండి, టికెట్ చూపిస్తే లేస్తారు.

లండన్‌లో ట్యూబ్‌కి (అంటే అక్కడి మెట్రోకి) పాపకి టికెట్ అక్కర్లేదు, 11 ఏళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్లతో ఉచితంగా వెళ్లొచ్చు. అమ్మానాన్నకి మాత్రం ఒక్కొక్కరికి వేరే కార్డు కావాలి, మీ ఒక్క బ్యాంకు కార్డుతో ముగ్గురూ గేటు దాటలేరు. చెరొక ఆయిస్టర్ కార్డు (ముందే డబ్బు వేసుకుని గేటు దగ్గర తాకించే కార్డు) తీసుకోండి.

ట్రైన్ లేటైతే డిలే రిపే (ఆలస్యానికి ఇచ్చే పరిహారం) అడగడం మర్చిపోకండి. కంపెనీని బట్టి 15 లేదా 30 నిమిషాల ఆలస్యం నుంచే ఎంతో కొంత వస్తుంది, గంట దాటితే ఒకవైపు టికెట్ డబ్బులు మొత్తం వెనక్కి ఇస్తారు. 28 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అడగాలి. పోయిన చలికాలం మా ట్రైన్ దారిలో ఆగిపోయి గంటకు పైగా లేటైతే మొత్తం డబ్బు తిరిగొచ్చింది, ఆ బోగీలో చాలామందికి అలా అడగొచ్చని కూడా తెలియదు.


గోదావరి_లీడ్స్

మార్చి వచ్చింది, మెయిలూ వచ్చింది! లండన్‌కి మంగళవారం పదిన్నర తర్వాతి ట్రైన్ తీసుకున్నాను, టేబుల్ సీట్లు నాలుగూ దొరికాయి. ఫిబ్రవరిలో నేను చూసిన రేటుకి దీనికీ పోలికే లేదు. నాన్నకి మొత్తం చెబితే "అయితే సరే, గుడికి మాత్రం పట్టుచీర సర్దుకోమని అమ్మకి చెప్పు" అన్నారు.


ఓరుగల్లు_బ్రో

సూపర్ అక్కా. మంగళవారం పెట్టడం మంచిదైంది, ఆ వారం సోమవారం బ్యాంక్ హాలిడే, ట్రాక్ పనులు ఎక్కువగా అలాంటి రోజుల్లోనే పెడతారు, ట్రైన్ బదులు సగం దూరం బస్సు ఎక్కిస్తారు. తిరుగు ప్రయాణం శని, ఆదివారాల్లో పడితే మాత్రం వారం ముందు నేషనల్ రైల్ సైట్‌లో ఆ రూటులో పనులేమైనా ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి.