ముందు బ్రేక్ ప్యాడ్లు మొదటిసారి నేనే మారుద్దామనుకుంటున్నా, కానీ లోపలి ప్యాడ్ ఒక్కటే అరిగిపోయింది, ఎందుకు?

హైదరాబాద్, 2014 పెట్రోల్ స్విఫ్ట్:

అందరికీ నమస్తే. బండి 92 వేల కిలోమీటర్లు తిరిగింది. పది రోజులుగా బ్రేక్ మీద కాలు వేస్తే ఎడమ ముందు చక్రం దగ్గర కీచుమంటోంది, కాలు తీయగానే ఆగిపోతుంది. నిన్న టైరు విప్పి చూశాను. బయటి ప్యాడ్ ఇంకా 6 మిల్లీమీటర్ల దాకా ఉంది, సెల్ టార్చ్ వేసి లోపలి దాన్ని చూస్తే 2 కూడా లేదు, దాని అంచున ఉండే చిన్న ఇనుప రేకు డిస్కుకు రాసుకుని ఒక సన్నటి గీత పడి మెరుస్తోంది. కుడివైపు మాత్రం రెండూ 5 దగ్గర సమానంగా ఉన్నాయి.

పోయినసారి ఒక షెడ్డులో మార్పించాను, 20 నిమిషాల్లో రెండు వైపులా బిగించి పంపేశారు. ఈసారి నా చేత్తో నేనే చేయాలని ఉంది. జాకీ, వీల్ పానా, స్పానర్ల సెట్టు ఉన్నాయి. ఎడమవైపు ఒక్కటే మారిస్తే సరిపోతుందా? ప్యాడ్‌ను డిస్కు మీదికి నెట్టే పిస్టన్‌ను వెనక్కి ఎలా నొక్కాలి? వచ్చే శనివారం అమ్మనీ పిల్లల్నీ తీసుకుని శ్రీశైలం వెళ్లాలి, దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే ఘాట్ తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది.

గుంటూరు, షెడ్డులో 18 ఏళ్లుగా పని:

తమ్ముడూ, ప్యాడ్లు కొనే ముందు ఆ 6కీ 2కీ తేడా ఎందుకొచ్చిందో చూడు, అసలు పని అక్కడే ఉంది. నువ్వు పెడల్ తొక్కితే పిస్టన్ ముందు లోపలి ప్యాడ్‌ను డిస్కుకు నొక్కుతుంది, తర్వాత కాలిపర్, అంటే పిస్టన్‌నూ ప్యాడ్లనూ పట్టుకుని డిస్కు మీద కూర్చునే ఇనుప భాగం, మొత్తం రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాక్కొస్తుంది. ఆ పిన్నులు పట్టేస్తే కాలిపర్ జరగదు, భారమంతా లోపలి ప్యాడ్ ఒక్కటే మోస్తుంది. పిన్నులు బాగుచేయకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవీ ఇలాగే అరిగిపోతాయి. షెడ్లలో హడావుడిగా వదిలేసేది కూడా దీన్నే.

కాలిపర్ బోల్టులు రెండూ విప్పి, కాలిపర్‌ను పక్కకు తీసి బైండింగ్ వైరుతో స్ప్రింగుకు కట్టు, బ్రేక్ పైపు మీద మాత్రం వేలాడదీయకు. తర్వాత ఒక్కో పిన్నును చేత్తో లోపలికీ బయటికీ ఆడించి చూడు. వేలితో నెడితే జారాలి. జారకపోతే మెల్లగా తిప్పుతూ లాగు, పాత గ్రీజు తుడిచెయ్యి, సిలికాన్ గ్రీజు పల్చగా రాసి పెట్టు. మామూలు గ్రీజు, ఇంజిన్ ఆయిల్ వద్దు, రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది. పై పిన్నూ కింది పిన్నూ కలిసిపోకుండా చూసుకో, కొన్నిటిలో ఒకదానికే రబ్బరు బుష్ ఉంటుంది.

పిస్టన్ నొక్కడానికి పాత ప్యాడ్ అడ్డం పెట్టి సి క్లాంప్‌తో (మరతిప్పి నొక్కే సి ఆకారపు పనిముట్టు) నిదానంగా బిగించు. అంతకంటే ముందు బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడు, పిస్టన్ వెనక్కి వెళ్తే ఆయిల్ పైకి వస్తుంది, నిండుగా ఉంటే కొంచెం సిరంజితో తీసెయ్యి. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడుగు. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు చిరిగినా, అక్కడ తడి కనిపించినా పని ఆపేసి తెలిసినవాళ్లకు చూపించు. ప్యాడ్లు రెండు వైపులా మార్చాల్సిందే, ఒకవైపే మారిస్తే బ్రేక్ వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది. డిస్కు మీద మామూలుగా కనీస మందం అచ్చు వేసి ఉంటుంది, కొలిచి దానితో పోల్చుకో.

ఫ్రిస్కో, టెక్సాస్:

పై అన్న అంతా చెప్పారు, ఒక్కటి నేను కలుపుతాను, ఎందుకంటే నాకు జరిగింది. ఇక్కడ లేబర్ ఖర్చు ఎక్కువని నా కారుకు నేనే ప్యాడ్లు మార్చి, టైర్లు బిగించి, గ్యారేజీలోంచి రివర్స్‌లో తీస్తుంటే పెడల్ నేల దాకా దిగిపోయింది. బండి ఆగలేదు. హ్యాండ్ బ్రేక్ లాగితే ఆగింది, వెనకాల రోడ్డు మీద పక్కింటి పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. పిస్టన్ వెనక్కి వెళ్లి ఉంటుంది కాబట్టి కొత్త ప్యాడ్‌కు ఆనాలంటే పెడల్ చాలాసార్లు తొక్కాలి. బండి స్టార్ట్ చేయకముందే, గట్టిపడే దాకా తొక్కండి. దయచేసి మర్చిపోకండి.

ఇంకోటి, జాకీ ఒక్కదాన్నే నమ్మి చక్రాల తావున చేతులు పెట్టొద్దు. జాక్ స్టాండ్, అంటే ఎత్తిన బండి కింద పెట్టే ఇనుప స్టాండ్, కొనండి. ఇటుకలు పేర్చొద్దు, బరువుకు ఒక్కసారిగా పగిలిపోతాయి. నట్లు టైరు నేల మీద ఉండగానే వదులు చేసుకోండి, వెనక చక్రాలకు అడ్డం పెట్టండి.

కర్నూలు:

నేను ఆత్మకూరు దోర్నాల మీదుగా నల్లమల ఘాట్లో తరచూ తిరుగుతుంటాను. చెయ్యొద్దని అనను, కానీ శనివారం ఘాట్ ఉంటే ఈ వారమే మొదటిసారి చేయడం నాకు నచ్చలేదండీ. కొత్త ప్యాడ్ డిస్కుకు సరిగ్గా కూర్చోవడానికి టైమ్ పడుతుంది. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 15 దాకా ఒక మోస్తరు బ్రేక్‌తో ఓ పదిసార్లు తగ్గించండి, పూర్తిగా ఆపకండి, తర్వాత బ్రేక్ జోలికి వెళ్లకుండా కొంతదూరం నడిపి చల్లారనివ్వండి. ఆ తర్వాత ఓ 300 కిలోమీటర్లు మామూలుగా ఊళ్లో తిప్పండి. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో దిగండి, బ్రేక్ మీద కాలు అలాగే పెట్టి ఉంచితే ప్యాడ్లు వేడెక్కి పట్టు తగ్గిపోతుంది.

హైదరాబాద్, 2014 పెట్రోల్ స్విఫ్ట్:

అందరికీ చాలా థాంక్స్. ఇవాళ పొద్దున చేశాను. ఎడమవైపు పై పిన్ను వేలితో నెడితే జారింది, కింది పిన్ను కదలనే లేదు, అరగంట తిప్పుతూ లాగితే బయటికి వచ్చింది. దాని రబ్బరు తొడుగుకు గోరంత చిరుగు ఉంది, అందులోంచి నీళ్లు పోయి తుప్పు గోధుమరంగు పొడిలా రాలింది. గుంటలు పడ్డాయి కాబట్టి రుద్ది పెట్టకుండా పిన్నులు, తొడుగులు కొత్తవి తెచ్చి వేశాను. కుడివైపు పిన్నులు బాగానే ఉన్నాయి, తుడిచి గ్రీజు రాశాను. పిస్టన్ రబ్బరు బాగుంది, తడి లేదు.

ఫ్రిస్కో అన్న చెప్పినట్టే పెడల్ మొదటిసారి నేల దాకా దిగింది, నా గుండె జారిపోయింది. ఆరోసారికి గట్టిపడింది. చప్పుడు పోయింది, బండి తిన్నగా ఆగుతోంది.

శ్రీశైలం రెండు వారాలు వాయిదా వేశాం, అమ్మకు కారణం చెప్తే సరేనంది. 300 కిలోమీటర్లు అయ్యాక ఎడమ టైరు మళ్లీ విప్పి, లోపలిదీ బయటిదీ కొలిచి ఇక్కడ పెడతాను.