వాలు స్థలంలో ఇల్లు: చదును చేయించాలా, వాలుకు తగ్గట్టు కట్టాలా?

ప్రశ్న, కడప నుంచి:
పాలకొండల వైపు మేము కొన్న స్థలం పడమర నుంచి తూర్పుకు 40 అడుగుల పొడవులో దాదాపు 10 అడుగులు దిగుతుంది. రోడ్డు తూర్పున, పల్లంవైపు ఉంది. మట్టి తోలించి చదును చేశాకే పునాది తీయాలని మేస్త్రీ పట్టుబడుతున్నారు. నాకేమో వాలును అలాగే ఉంచి, సగం అంతస్తు తేడాతో గదులు అమర్చి, అలంకారాలు లేని ఆధునిక పద్ధతిలో కట్టుకోవాలని ఉంది. ప్రాగ్‌లో ఆర్కిటెక్ట్ ఆడాల్ఫ్ లోస్ 1930లో పూర్తిచేసిన విల్లా ముల్లర్ అనే ఇంటి చిత్రాలు చూసినప్పటి నుంచి ఈ ఆలోచన వదలడం లేదు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారు మాతోనే ఉంటారు. ఏది మేలో చెప్పగలరు.

జవాబు, ఆర్కిటెక్ట్, కర్నూలు:
చదును చేయించకండి. పల్లంవైపు పోసిన మట్టి ఏళ్ల తరబడి కుంగుతుంది. పునాదులు ఎలాగూ దాన్ని దాటి గట్టి నేల దాకా దిగాల్సిందే. ఇక ఆ మట్టిని ఆపే గోడ సంగతి: దాన్ని పడదోసే శక్తి ఎత్తు ఘనం (ఎత్తు × ఎత్తు × ఎత్తు) లెక్కన పెరుగుతుంది కాబట్టి, 10 అడుగుల గోడకు బదులు 5 అడుగుల గోడ సరిపోతే ఆ శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. స్థలాన్ని 20 అడుగుల చొప్పున రెండు మట్టాలుగా చేసి, మధ్య 5 అడుగుల తేడా ఉంచండి. 6 అంగుళాల మెట్లు 10 చాలు. పడమర ఎత్తుగా, తూర్పు పల్లంగా ఉంది గనుక వాస్తు చూసే పెద్దలకూ అభ్యంతరం ఉండదు.

జవాబు, స్ట్రక్చరల్ ఇంజనీరు, అనంతపురం:
పై సలహా సరైనదే గానీ, రెండు జాగ్రత్తలు తప్పనిసరి. స్లాబులు సగం ఎత్తు తేడాతో వచ్చి కలిసే చోట స్తంభాలు పొట్టివవుతాయి, భూకంపం వస్తే ముందు పగిలేవి అవే. అక్కడ స్తంభాల నిలువు కమ్ముల చుట్టూ రింగులు దగ్గర దగ్గరగా వేయించండి. రెండోది నీరు. 2021 నవంబరు వానలు కడపవాసులకు గుర్తుచేయనక్కర్లేదు. కొండవైపు గోడ వెనుక కంకర నింపి, నీరు బయటికి పోయే గొట్టాలు పెట్టించండి. కాంక్రీటు పోసేటప్పుడు వాటి మూతులు సిమెంటు పాలతో పూడుకుపోతాయి కాబట్టి, గోనెపట్ట కుక్కించి, తర్వాత మరచిపోకుండా తీయించండి. ఇంటి గోడకూ ఆ గోడకూ మధ్య 3 అడుగుల సందు, అందులో కాలువ ఉంటే పడమటి గదులకు చెమ్మ పట్టదు, గాలీ వెలుతురూ వస్తాయి.

జవాబు, గృహిణి, కడప:
మీ అమ్మగారికి ర్యాంపు వేద్దామనుకోకండి. 12 అడుగులకు ఒక అడుగు లెక్కన 5 అడుగులు ఎక్కడానికి 60 అడుగుల పొడవు కావాలి, అది ఇంట్లో పట్టదు. ఆమె గది, బాత్‌రూము, వంటిల్లు, హాలు అన్నీ రోడ్డు మట్టంలోనే పెట్టి, మెట్లెక్కే గదులు పిల్లలకూ మీకూ ఉంచుకోండి. బయటి మెట్లకు కడప రాయి వేసేటట్లయితే పాలిష్ చేయించకండి. వాన తడికి జారుతుంది.