రాణి గూళ్లు కోయాలా, పెట్టె విడగొట్టాలా?

నిమ్మతోట_కొత్త: పొదలకూరు దగ్గర తోటలో సెరానా రకం నాటు తేనెటీగల పెట్టె, 8 ఫ్రేములు, కిటకిటలాడుతోంది. ఫ్రేముల కింది అంచున శెనక్కాయల్లా రాణి గూళ్లు (కొత్త రాణి పెరిగేవి), 7 లెక్కపెట్టా. కోసేస్తే గుంపు లేచిపోకుండా ఆగుతుందా?

కావలి_తేనె: ఆగుద్ది. 7 రోజులకోసారి కొయ్. గుడ్డు పెట్టిన 8వ రోజుకి గూడుకి మూత పడుద్ది, పాత రాణి లేచేది అప్పుడే. మెత్తటి బ్రష్షుతో ఈగల్ని పక్కకి తోసి మూలలు చూడు. ఒక్క గూడు తప్పినా పనంతా వృథా.

పొదిలి_పెట్టెలు: గుడ్డు నుంచే మొదలుపెడతాయని రాసిచ్చాయా? కోసేశాక ఒకరోజు పురుగు (గుడ్డులోంచి వచ్చిన ఈగ పిల్ల) దొరికితే చాలు, దాని చుట్టూనే గూడు కడతాయి. 4–5 రోజుల్లో మూత. సోమవారం కోస్తే శనివారానికే లేవొచ్చు. విడగొట్టు. పాత రాణి, మూతపడిన పిల్లల ఫ్రేము ఒకటి, తేనె ఫ్రేము ఒకటి కొత్త పెట్టెలో వేసి పాత చోటే ఉంచు. మిగతాది పది అడుగులు జరిపి, మంచి గూడు ఒక్కటే మిగుల్చు. మేతకెళ్లిన ఈగలు పాత చోటికే వస్తాయి. ఖాళీ పట్లు ఎక్కువ పెట్టొద్దు, ఈగలు కప్పలేని పట్టుకి మైనపు పురుగు పడుద్ది.

కొండేపి77: ద్వారానికి రాణి గేటు (రాణి దూరలేని సన్న సందుల అడ్డు) బిగిస్తే సరిపోలా?

పొదిలి_పెట్టెలు: పోతుటీగలు ఆ సందుల్లో ఇరుక్కుని చస్తాయి, గాలాడదు. లేవాలనే ఊపు తగ్గదు.

కావలి_తేనె: 8వ రోజన్నా, 7 రోజులకి కోయమన్నా. తప్పెక్కడుంది?

పొదిలి_పెట్టెలు: పై పోస్టు చదవలేదా?

కావలి_తేనె: చదివా. జనవరి–ఫిబ్రవరి నిమ్మ పూతలో విడగొడితే, తేనె కోసం పైన పెట్టే సూపర్‌లోకి ఎక్కే ఈగలేవి? కొత్త రాణి పుట్టి, జతకట్టి, గుడ్లు పెట్టేసరికి మూడు వారాలు. పూత అయిపోద్ది. మీరు ఈగల పెట్టెలు అమ్ముతారు గాబట్టి ఎవరు అడిగినా విడగొట్టమంటారు.

పొదిలి_పెట్టెలు: అమ్ముతా, దాపరికమేముంది. మీరు తేనె అమ్ముతారు. మీకు ఈ పూతకి సీసాలు నిండాలి, తర్వాత పెట్టె ఏమైనా ఫరవాలేదు. కోసి కోసి పాత రాణినే నెట్టుకొస్తే మే ఎండలకి పెట్టెలో పిడికెడు ఈగలు మిగుల్తాయి.

కావలి_తేనె: అందుకే పూతకి ముందే సూపర్ ఎక్కించాలి. గూళ్లలో పురుగు కనబడ్డాక ఎక్కించినా లాభం లేదు.

పొదిలి_పెట్టెలు: ఇది మాత్రం నిజం.

నిమ్మతోట_కొత్త: అన్నా, ఇప్పుడే మళ్లీ చూశా. ఒక గూడు కొన గుండ్రంగా కోసినట్టుంది, మూత తలుపులా వేలాడుతోంది. గుడ్లు కనబడట్లా. ఈగలు కూడా పల్చబడ్డట్టున్నాయి.

పొదిలి_పెట్టెలు: పాత రాణి ఎప్పుడో లేచిపోయింది. కొత్త రాణి బయటికొచ్చేసింది. ఇంక విడగొట్టొద్దు. మిగతా ఆరు గూళ్లూ ఇవాళే కోసెయ్, లేకపోతే ఈ నాటు ఈగలు రెండోసారీ మూడోసారీ లేస్తాయి. ఆ తర్వాత రెండు వారాలు పెట్టె కదిలించకుండా ఉంచి, అప్పుడు గుడ్లు వెతుకు.

కావలి_తేనె: కోసెయ్ అంటున్నారా, సామీ?