ఫోన్‌లో తీసిన ఇంటి వీడియోలను స్పష్టత పోకుండా దాచడం, పంపడం ఎలా?

ప్రశ్న:
మా పాప తొలి అడుగులు వేస్తుండగా నాన్నగారు చెయ్యి పట్టుకుని నడిపించిన వీడియోను వాట్సాప్‌లో అక్కకు పంపాను. ఫోన్‌లో జాగా చాలక, ఎలాగూ అక్క దగ్గర ఉంది కదా అని నా దగ్గరున్నది తీసేశాను. ఇప్పుడు అక్క తిరిగి పంపితే పాప ముఖం మసకగా ఉంది, నాన్నగారి వేళ్లు గళ్లుగళ్లుగా విడిపోయి కనిపిస్తున్నాయి. అసలు వీడియో మళ్లీ దొరుకుతుందా? మిగిలినవాటినైనా ఎలా కాపాడుకోవాలో దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం:
ముందుగా గ్యాలరీలోని ట్రాష్ చూడండి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన వీడియోలు తొలగించాక 60 రోజుల వరకు ఆ యాప్ ట్రాష్‌లోనే ఉంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో బాగా కుదించుకుపోతుంది, హెచ్‌డీ ఎంచుకున్నా కొంత కుదింపు తప్పదు; అలా పోయిన వివరం తిరిగి రాదు. స్పష్టత పెంచుతామనే యాప్‌లు ఆ ఖాళీలను ఊహతో పూడుస్తాయి కాబట్టి, అందులో కనిపించేది మీ పాప ముఖమేనని నమ్మలేం. ఇకపై వీడియోను డాక్యుమెంట్‌గా జత చేయండి. 2 జీబీ వరకు ఉన్నది ఉన్నట్టే చేరుతుంది.

రెండవ సమాధానం:
డాక్యుమెంట్ పద్ధతి మంచిదే గానీ, ఇంట్లో పదిమందికీ అలా పంపితే పది ఫోన్లూ నిండిపోతాయి. గూగుల్ ఫొటోస్‌లో షేర్డ్ ఆల్బమ్ (అందరూ చూడగల ఉమ్మడి ఆల్బమ్) పెట్టి లింకు ఇవ్వడం నయం. అయితే ఆ లింకు ఎవరి చేతికి చిక్కినా తెరుచుకునే అవకాశం ఉంది కనుక, పిల్లల వీడియోలకు పేరుపేరునా అనుమతి ఇవ్వడమే క్షేమం. అసలు ఫైలులో వీడియో తీసిన చోటు కూడా నమోదై ఉండవచ్చన్నది మరవకండి.

మరొక్క మాట. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఉందన్న ధీమాతో అదే యాప్‌లో వీడియోను తొలగిస్తే, క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్‌లో దాచిన ప్రతి కూడా పోతుంది. ఫోన్‌లో మాత్రమే తీసేయడానికి ‘ఫ్రీ అప్ స్పేస్’ వాడాలి. అంతకుముందే హార్డ్‌డిస్క్‌లో ఇంకొక ప్రతి పెట్టుకుని, నాలుగైదు వీడియోలు తెరిచి చివరి వరకు ఆడుతున్నాయో లేదో చూసుకోండి. డిస్క్ ఫ్యాట్32 (ఫైళ్లను అమర్చే ఒక పాత ఫార్మాట్) పద్ధతిలో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. రోజువారీ వీడియోలకు ‘4కే’ అనే చాలా ఎక్కువ స్పష్టత అక్కర్లేదు: ఐఫోన్‌లో సెకనుకు 30 ఫ్రేముల 4కే వీడియో నిమిషానికి సుమారు 170 ఎంబీ తింటే, అంతకంటే తక్కువ స్పష్టత ఉన్న 1080పీ సుమారు 60 ఎంబీతో సరిపెడుతుంది.

అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ట్రాష్‌లో లేదు, నేనే ఖాళీ చేశాను. కానీ వెతుకుతుంటే అదే రోజు తీసిన పదకొండు సెకన్ల ముక్క ఒకటి బయటపడింది. పాప కనిపించదు, “రా తల్లీ, రా” అన్న నాన్నగారి గొంతు మాత్రం స్పష్టంగా ఉంది. దాన్ని హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, ఆడించి చూసుకున్నాకే అక్కకు డాక్యుమెంట్‌గా పంపాను.